బంక దిగని నూనె

ఒమాహా నుంచి ఫోను మోగేసరికి ట్వైలా రెంకెన్ కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, కిటికీలో పెట్టిన గాజు సీసాని కోపంగా చూస్తోంది. సీసాలో ఉన్న లెసితిన్ తేనెరంగులో ఉండాలి. వెలుతురుకి పట్టి చూస్తే అవతలి వేలు కనిపించాలి. వేలు సంగతి దేవుడెరుగు, మధ్యాహ్నపు ఎండే అందులోంచి ఇవతలికి రావడంలేదు.

"నాలుగో డబ్బా కూడా చూశామండీ," అంది అవతలినుంచి బెర్నడెట్. ఒమాహాలోని రంగుల కంపెనీలో వచ్చిన సరుకు పరీక్షించే మనిషి ఆవిడ. "ఏం చెప్పమంటారు? మూత తియ్యగానే మావాళ్ళు రోడ్డు వేసే తారు పొరపాటున వచ్చిందేమో అనుకున్నారు."

"మరీ తారా?"

"నేను తెల్లరంగులో కలపాలి ట్వైలా గారూ. మీది కలిపితే గోడకి బురద పూసినట్టుంది. రంగొక్కటే అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. లోపల అసలు సరుకే లేదు, సగానికి సగం నూనె. జనవరి దాకా ఆపగలను మావాళ్ళని. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

"ఈసారి పంపేది బాగుంటుంది," అంది ట్వైలా. ఆ మాట అనడం అది నాలుగోసారి. ఫోను పెట్టేశాక కుర్చీలో కూలబడి, అరచేతులతో మొహం గట్టిగా రుద్దుకుంది.

ట్వైలా ఆస్టర్‌విక్ హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు కెమిస్ట్రీ చెప్పింది. పిల్లలు తగ్గిపోయి ఆ బడిని పక్కూరి బడిలో కలిపేశాక, ఊరి రైతులు కలిసి పెట్టుకున్న సోయా నూనె మిల్లులో పరీక్షల గది చూసుకునే పనికి కుదిరింది. చేరిన మొదటి వారంలోనే ఆమె ప్రాణం ఉసూరుమనిపించిన సంగతొకటి కనబడింది. పిండిన నూనెని బాగా వేడిచేసి, కాసిని నీళ్ళు పోసి గిలకొడితే నూనెలోని బంక నీళ్ళు పట్టుకుని ఉబ్బి విడిపోతుంది. ఆ బంకని తీసి, తడి పూర్తిగా పోయేదాకా ఆరబెడితే లెసితిన్. రంగుల్లో పొడి అడుక్కి దిగిపోకుండా పట్టి ఉంచేది అదే. సిరాకీ, తోళ్ళ పనికీ కావాల్సిందీ అదే. మిల్లువాళ్ళు మాత్రం ఆ బంకనంతా పందుల దాణాలో కలిపేస్తున్నారు.

దాన్ని లెసితిన్ చేసి అమ్మవచ్చని బోర్డుని ఒప్పించడానికి ఆమెకి మూడేళ్ళు పట్టింది. మూతపడిన పాల కేంద్రం నుంచి వెన్న తీసే పాత యంత్రం కొనుక్కొచ్చి, బంక తీసేలా మార్చుకున్నారు. "ముప్పై మైళ్ళ లోపల పండిన గింజతోనే చేస్తాం" అని డబ్బాల మీద అచ్చు కూడా వేయించారు. మార్చి నుంచి అక్టోబరు దాకా తేనెలాంటి సరుకు వెళ్ళింది. నవంబరులో ఏం మాయరోగం వచ్చిందో, బంక సగమే దిగడం మొదలైంది. దిగింది కూడా నల్లగా, జావలా.

ట్వైలా చెయ్యని ప్రయత్నం లేదు. ఊరి నీళ్ళలో సున్నం ఎక్కువేమోనని డిస్టిల్డ్ నీళ్ళు వాడింది. వేడి పెంచింది, తగ్గించింది. యంత్రం నడిపే రోసెండో బారియెంటోస్ దాన్ని మూడుసార్లు విప్పి, కంచుపళ్ళాల్లాంటి లోపలి బిళ్ళలు ఒక్కొక్కటీ కడిగి, మళ్ళీ బిగించాడు.

"టీచర్, దీన్ని ఇంకోసారి విప్పమంటే నేను కళ్ళు మూసుకుని విప్పగలను," అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. అతని పిల్లలిద్దరికీ ఆమె చదువు చెప్పింది. "కానీ తప్పు దీనిది కాదు. చప్పుడు వినండి, పిల్లికూన గురకపెట్టినట్టుంది."

"మరి తప్పెవరిది రోసెండో?"

"అది మీరు చెప్పాలి. నాకు నట్లూ బోల్టులే తెలుసు."

డిసెంబరు రెండో సోమవారం ఆమె పనిలోకి వచ్చేసరికి మేనేజరు గేలెన్ హోక్‌స్ట్రా చేతిలో సీసా పట్టుకుని, పెళ్ళికొడుకులా నవ్వుతూ ఎదురొచ్చాడు. అతనూ ఆమె శిష్యుడే. కెమిస్ట్రీ రెండుసార్లు తప్పిన శిష్యుడు.

"చూడండి టీచర్! అద్దంలా లేదూ?"

నిజంగానే నూనె అద్దంలా ఉంది. బంకంతా దిగిపోయింది. ట్వైలా గుండె ఒక్కసారి ఎగిరింది. "ఏం చేశావు?"

"శనివారం వచ్చి ఓ పట్టు పట్టాను. కొంచెం యాసిడ్ పోశాను. పెద్ద మిల్లుల వాళ్ళంతా పోస్తారట."

ఎగిరిన గుండె చప్పున కిందికి జారింది. "బంక ఎక్కడ?"

గేలెన్ మూలనున్న పీపా చూపించాడు. అందులోకి తొంగిచూసి ఆమె వెంటనే వెనక్కి తిరిగింది. పొయ్యిమీద మాడిన పాకంలా ఉంది.

"వాళ్ళు ఆ బంకని పారేస్తారు గేలెన్. వాళ్ళకి కావాల్సింది నూనె. మనం అమ్ముతున్నది బంక! యాసిడ్ తగిలాక అది రంగుల వాళ్ళకి పనికొస్తుందా? రెండు రోజుల సరుకు మట్టిపాలు చేశావు."

"మంచిదే కదా అని..."

"నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? పదో క్లాసులోనూ ఇంతే. సీసామీద ఏం రాసుందో చదవకుండా పొయ్యడమే."

"ఆ మాట ఇంకెన్నాళ్ళు అంటారు టీచర్? నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి."

"నీకు డెబ్బై వచ్చేదాకా అంటాను."

గేలెన్ మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. ట్వైలా పరీక్షల గది తలుపు దభాలున వేసుకుంది. కాసేపటికి కోపం కాస్త నెమ్మదించాక, అతని అద్దంలాంటి నూనె సీసా వైపే చూస్తూ ఉండిపోయింది. యాసిడ్‌కి అంత బంక దిగిందంటే, బంక నూనెలో ఉన్నట్టేగా? ఉండి కూడా నీళ్ళకి ఎందుకు దిగలేదు? యంత్రం బాగుంది, నీళ్ళు బాగున్నాయి. అయితే ఆ బంకే నీళ్ళని పట్టుకోలేకుండా మారిపోయింది. అలా మారడం మిల్లులో జరిగేది కాదు. కోసిన గింజ ఆరకుండా తడితో రోజుల తరబడి పడి ఉంటే గింజ లోపలే జరుగుతుంది. పైకి ఏమీ తెలియదు. తర్వాత ఎంత ఆరబెట్టినా పోయింది తిరిగి రాదు.

మిల్లుకి వచ్చే ప్రతి లారీ నుంచీ గుప్పెడు గింజలు కాఫీ డబ్బాలో పోసి, రైతు పేరూ గాదె నంబరూ రాసి అంటించి బీరువాలో పెట్టడం ఆమె పెట్టిన పద్ధతే. నవంబరు నుంచి వచ్చినవి నలభై ఒక్క డబ్బాలు. ఒక్కొక్క డబ్బాలో గింజని చేతి మరలో పిండి, చిన్న గాజు గిన్నెలో వేడిచేసి, నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసి గిలకొట్టి చూసింది. పది రోజులు పట్టింది. ముప్పై నాలుగు డబ్బాల నూనె బంకని చక్కగా వదిలింది. ఏడు వదల్లేదు.

ఆ ఏడింటిమీదా ఒకే పేరు. వర్జిల్ చాడెన్. మిల్లు బోర్డుకి అధ్యక్షుడు. ఆమెకి సొంత అన్న.

తన చెయ్యి తప్పిందేమోనని ఆ ఏడూ మళ్ళీ చేసింది. ఆపైన మరోసారి. అందరికంటే ఎక్కువ గింజ వేసేది వర్జిలే కాబట్టి నవంబరు నుంచి పిండిన ప్రతి నూనెలోనూ అతని గింజ కలిసింది. నలుగురి పాలు పోసిన కుండలో ఒకడి పాలు విరిగినట్టయింది వ్యవహారం.

మర్నాడు పొద్దున్నే ఆమె కారేసుకుని వర్జిల్ పొలానికి వెళ్ళింది. మంచు రాత్రి కురిసి ఆగింది. వర్జిల్ ట్రాక్టరు షెడ్డులో ఎత్తుబల్ల మీద కూర్చుని గొలుసుకి గ్రీజు పూస్తున్నాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, భుజాలు ఇంకా తలుపంత ఉంటాయి.

"దారి తప్పి వచ్చావా?" అన్నాడు తలెత్తకుండానే.

"వర్జిల్, అక్టోబరులో నీ సోయా ఎన్నాళ్ళు తడిగా ఉంది?"

అతని చెయ్యి ఆగింది. "తడేమిటి?"

"ఐదో గాదెలోది, ఆరో గాదెలోది. నూనెలో బంక దిగడంలేదు. ఏడు డబ్బాలు మూడుసార్లు చేశాను. అన్నీ నీవే."

"మీ కాటా దగ్గరే చూశారుగా? తేమ నూటికి పన్నెండున్నర. మీ గేలెనే రాశాడు. పదమూడు దాకా తీసుకోవచ్చని మీ గోడమీదే రాసి ఉంది."

"మిల్లుకి వచ్చేనాటికి ఆరింది. నేనడిగేది అంతకు ముందు సంగతి. అక్టోబరు వానల్లో కోసి గాదెలో పోశాక, ఆరబెట్టే ఫ్యాన్లు వేశావా, లేదా?"

"నలభై ఆరేళ్ళనుంచి గింజ పండిస్తున్నాను ట్వైలా. ఒక్క లారీ కూడా ఎవరూ వెనక్కి పంపలేదు. బళ్ళో గాజు గొట్టాలు కడుక్కునేదానివి, నువ్వొచ్చి నాకు గింజ ఆరబెట్టడం చెప్తావా?"

"చెప్పడంలేదు, అడుగుతున్నాను."

"పాలవాళ్ళు పారేసిన యంత్రం తెచ్చి బంక తియ్యమంటే ఎలా తీస్తుంది? దాని రబ్బరు సీలు మార్పించు, అన్నీ దిగుతాయి."

"సీలు రెండుసార్లు మార్చాం!"

"అయితే మూడోసారి మార్చు."

ఇక అతను గొలుసు వదిలి తలెత్తలేదు. ట్వైలాకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గిరుక్కున తిరిగి కారు దగ్గరికి నడుస్తుంటే వంటింటి తలుపులోంచి వదిన ఆర్డిస్ చెయ్యి ఊపింది.

"కాఫీ తాగకుండా వెళ్తావా? రా లోపలికి, చలి."

బల్లమీద కాఫీ, ఖర్జూరం ముక్కలు పెట్టి ఆర్డిస్ ఎదురుగా కూర్చుంది. కిటికీలోంచి షెడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"వినబడింది నాకు. మీ అన్న నీకు చెప్పడు. నేను చెప్పానని అతనికి తెలియకూడదు."

"ఏమిటి వదినా?"

"అక్టోబరు మొదట్లో గాదె నిచ్చెన మీదనుంచి పడ్డాడు. మరీ పైనుంచి కాదులే, నాలుగు మెట్లు. నడుం పట్టేసింది. కానీ అంతకు ముందునుంచే ఎక్కలేకపోతున్నాడు ట్వైలా. సగం ఎక్కేసరికి తల తిరుగుతుందట. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు, ఎవరికీ చెప్పనివ్వడు. గాదెలోకి తొంగిచూసేవాళ్ళు లేకపోయారు. ఫ్యాన్లకి కరెంటు పోయిందని మాకు తెలిసేసరికి మూడు వారాలైంది. పులిసిన వాసన కిందికి వచ్చాక తెలిసింది. అప్పుడు హడావిడిగా వేడిగాలి పెట్టి ఆరబెట్టించాడు."

"పక్కనే ఉన్నాను కదా వదినా. ఫోను చేస్తే వచ్చి ఎక్కేదాన్ని."

"నువ్వు ఎక్కుతావనే చెప్పలేదు." ఆర్డిస్ కప్పు తిప్పుతూ కూర్చుంది. "ఎక్కలేనని తెలిస్తే పొలం వదిలెయ్యమంటారని అతని భయం. నాకు మాటియ్యి, ఎక్కడా అనకు."

ట్వైలా మాటిచ్చింది. ఇచ్చి కారెక్కాక తను ఇరుక్కున్న ఇరుకు అర్థమైంది. తప్పెక్కడుందో తెలిసింది. ఎందుకు జరిగిందో కూడా తెలిసింది. నోరు మాత్రం విప్పకూడదు.

జనవరి మూడో వారంలో బోర్డు కూర్చుంది. హాలులో తొమ్మిదిమంది సభ్యులు, పళ్ళెంలో హ్యామ్ పెట్టిన రొట్టెలు, కాఫీ. వర్జిల్ అధ్యక్షుడి కుర్చీలో టోపీ మోకాలిమీద పెట్టుకుని కూర్చున్నాడు. నీలిరంగు చొక్కా వేసుకున్న లీలండ్ ఓల్ట్‌మన్ మొదలుపెట్టాడు.

"టీచర్, ఒక్కటే మాట. ఆ బంక పాతికేళ్ళు పందులకి పెట్టాం. ఒక్క పంది కూడా ఫోను చేసి ఫిర్యాదు చెయ్యలేదు."

అందరూ నవ్వారు. ట్వైలా నవ్వలేదు. ఏడు డబ్బాలు బల్లమీద వరసగా పెట్టింది, పేర్లు చింపేసి.

"యంత్రం తప్పు కాదు. నావల్లో గేలెన్ వల్లో జరిగిందీ కాదు. ఒకచోటి గింజ కోతల్లో చాలా రోజులు తడిగా పడి ఉంది. దాన్ని పక్కనపెడితే లెసితిన్ మళ్ళీ మామూలుగా వస్తుంది. మిగతా అందరి గింజా బంగారంలా ఉంది."

"ఎవరిది?" అన్నాడు లీలండ్.

ట్వైలా అన్నవైపు చూసింది. ఒక్కమాట అంటాడేమోనని చూసింది. అతను టోపీ అంచుకున్న దారప్పోగు పీకుతున్నాడు.

"పేరెందుకు?"

"పేరు చెప్పకుండా పక్కనెలా పెడతాం టీచర్? గింజల్ని అడుగుదామా?"

మళ్ళీ నవ్వులు. ఆమె చెవులు వేడెక్కాయి. పిల్లలముందు నిలబడి లెక్క తప్పిన రోజున కూడా అంత సిగ్గు పడలేదు. బంక తీసే పని ఫిబ్రవరితో మూసెయ్యాలని లీలండ్ ప్రతిపాదించాడు. నలుగురు చేతులెత్తారు. నలుగురు వద్దన్నారు. అధ్యక్షుడే తేల్చాలి. అందరూ వర్జిల్ వైపు తిరిగారు.

వర్జిల్ గొంతు సవరించుకున్నాడు. "వచ్చే నెలకి వాయిదా," అన్నాడు. లేచి టోపీ పెట్టుకుని, గోడ పట్టుకుంటూ బయటికి నడిచాడు.

కార్లు నిలిపేచోట ట్వైలా అతన్ని అందుకుంది. "వాయిదాయా? అంతేనా నీకు చేతనైంది? ఎనిమిదిమంది నవ్వుతుంటే చూస్తూ కూర్చున్నావే!"

"నిన్నెవరు పేర్లు చింపమన్నారు?" అన్నాడు వర్జిల్. అతను ట్రక్కు తలుపు తీసి, మెట్టుమీద కాలు పెట్టి, ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుని పైకెక్కాడు. సాయం పట్టుకుందామని ముందుకి వెళ్ళిన చెయ్యి ట్వైలా వెనక్కి తీసుకుంది.

రెండు రోజుల తర్వాత వర్జిల్ ఫోను చేశాడు. ఆమెకి కాదు, గేలెన్‌కి. తన గాదెల్లో మిగిలిన సోయా మిల్లుకి వెయ్యడంలేదనీ, గింజ వేయించి ఆవులకి పెట్టుకునే పాడిరైతు ఒకాయన అడిగితే ఇచ్చేశాననీ చెప్పాడు. మిల్లు గోదాములో తనవి ఉన్నవి కూడా ఆయనే తోలుకుపోతాడన్నాడు. కారణం ఏమీ చెప్పలేదు.

గేలెన్ తల గోక్కుంటూ పరీక్షల గదిలోకి వచ్చాడు. "మీ అన్నయ్య ఎందుకిలా చేశాడంటారు టీచర్?" అంటూనే బల్లమీది, పేర్లు చింపేసిన ఏడు డబ్బాల వైపు చూశాడు. అతని మొహంలో ఏదో వెలిగింది.

"ఈసారి పేరు లేకుండానే చదివావన్నమాట," అంది ట్వైలా. "ఎవరికీ చెప్పకు."

గోదాము ఖాళీచేసి, తొట్లు కడిగి, మిగతావాళ్ళ గింజ పిండేసరికి పన్నెండు రోజులు. పదమూడో రోజు రోసెండో యంత్రం కింద గిన్నె పట్టుకుని పెద్దగా కేకేశాడు. గోధుమరంగు బంక జారుడుగా, మందంగా దిగుతోంది. ఆరబెట్టి సీసాలో పోస్తే అవతలి వేలి గోరు కూడా కనిపించింది. రోసెండో ఆమె చెయ్యి పట్టుకుని రెండడుగులు చిందులేశాడు.

ట్వైలా ఆ సాయంత్రమే సరుకు ఒమాహాకి పంపింది. వారానికి బెర్నడెట్ ఫోను.

"ఇది అద్భుతంగా ఉందండీ. మార్చిలో పంపినదానికన్నా బాగుంది."

"అయితే డబ్బాలు ఎప్పుడు పంపను?"

"జనవరి దాకా అన్నాను కదండీ. మావాళ్ళు ఫిబ్రవరి మొదటి తారీకున వేరేచోట ఒప్పందం రాసేసుకున్నారు. ఏడాదికి. నేను చెప్పి చూశాను, నిజంగా చెప్పి చూశాను."

పది రోజులు. పది రోజుల ముందు వర్జిల్ గేలెన్‌కి ఆ ఫోను చేసి ఉంటే! ట్వైలా గదిలో అటూ ఇటూ తిరిగింది. తిట్టడానికి ఎవరూ దొరక్క చెత్తబుట్టని ఒక్క తన్ను తన్నింది. బుట్ట దొర్లి, కాగితాలన్నీ తనే ఏరుకోవాల్సి వచ్చింది.

ఫిబ్రవరి సమావేశంలో ఆమె కొత్త సీసా బల్లమీద పెట్టింది. కొనేవాళ్ళెవరని అడిగాడు లీలండ్. మిన్నెసోటాలో ఒక చిన్న తోళ్ళ కర్మాగారం నెలకి రెండు డబ్బాలు తీసుకుంటానందని చెప్పింది. "రెండా!" అన్నాడు లీలండ్. కానీ సీసాని చేతిలోకి తీసుకుని చాలాసేపు కిటికీ వైపు పట్టి చూశాడు. ఇంకో పంట దాకా నడవనిద్దామని ఐదుగురన్నారు. ఐదోవాడు వర్జిల్.

ఆ తర్వాత వారం కేఫ్‌లో కూర్చుని వర్జిల్ అందరితో చెప్తున్నాడని రోసెండో నవ్వుతూ మోసుకొచ్చాడు: మిల్లులో సీలు సరిగ్గా మార్చారట, అప్పటినుంచి అంతా బాగుందట. ట్వైలా పళ్ళు కొరుక్కుంది. ఆర్డిస్‌కి ఇచ్చిన మాట వల్ల కాదనడానికీ లేదు.

ఏప్రిల్లో వర్జిల్ ఆ రెండు గాదెలూ పొరుగు రైతుకి కౌలుకిచ్చాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, విసుగొచ్చిందన్నాడు. తన పంట పొలంనుంచి నేరుగా మిల్లుకే తోలతానన్నాడు.

ఆగస్టులో, కోతలకి ముందు, ట్వైలా బోర్డుముందు ఒక నియమం పెట్టింది: కోసిన గింజ తడిగా ఐదు రోజులు దాటి ఉంటే రైతు ముందే చెప్పాలి, ఆ గింజని లెసితిన్‌కి వాడకూడదు. ఎక్కడ తడిసిందో, ఎందుకు తడిసిందో ఎవరూ అడగకూడదు. సభ్యులు గొణిగారు. గింజకి కూడా హాజరుపట్టీయా అన్నాడు లీలండ్. చేతులెత్తమంటే మూడో నాలుగో లేచేలా ఉన్నాయి. ట్వైలా కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"ఐదు కాదు," అన్నాడు వర్జిల్ అధ్యక్షుడి కుర్చీలోంచి. అందరూ అటు తిరిగారు. అతను ఎవరివైపూ చూడకుండా ఎదురుగోడకి చెప్పాడు. "ఐదు రోజులు ఉంచితే గింజ పోతుంది. నాకు తెలుసు. మూడని రాయి."

ఈ ముక్క జనవరిలో అంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా అని అడగాలనిపించింది ట్వైలాకి. అడిగితే మళ్ళీ ముడుచుకుపోతాడు. కలం తీసి, ఐదు కొట్టేసి, పైన మూడు అని రాసి, కాగితం అతని ముందుకి తోసింది.

వర్జిల్ అద్దాలు పెట్టుకుని మొదటి లైనునుంచి చివరి లైనుదాకా చదివి సంతకం చేశాడు.